డెల్టా చలికాలంలో కుక్కనీ పిల్లినీ కాచుకోవడం: పడక నుంచి పండగ దాకా

గోదావరి డెల్టాలో చలి మరీ పెద్దదేమీ కాదు. పుష్యమాసంలో కూడా కోనసీమలోనూ నరసాపురం వైపూ రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 17 నుంచి 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. కడుపునిండా తిని పొడిగా పడుకున్న పెద్ద కుక్కకు అదో లెక్క కాదు. ఇక్కడ జంతువుల్ని పడేసేది చెమ్మ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, మధ్యలో వాయుగుండాలు, అవి వెళ్లాక తెల్లవారుజామున పొలాల మీదా కాలువల మీదా దిగే మంచు. బొచ్చు వెంట్రుకల మధ్య నిలిచిన గాలే కుక్కకు దుప్పటి. బొచ్చు తడిస్తే ఆ గాలి పోతుంది, ఒంటి వేడిని నీరు లాగేస్తుంది. పైగా కోతలు, ఎలుకల మందులు, దాళ్వా (రబీ వరి) నారుమళ్లు, సంక్రాంతి పిండివంటలు అన్నీ ఈ నెలల్లోనే వస్తాయి. కాబట్టి ఏర్పాట్లు చలి మొదలయ్యాక కాదు, దీపావళి ముందే మొదలుపెట్టాలి.

మొదటి పని: పడక

వసారాలో సిమెంటు గచ్చు మీద గోనెసంచి పరిచి వదిలేయడం మన దగ్గర మామూలు. గచ్చు కింద నుంచి చెమ్మ పీల్చి పైకి ఇస్తుంది, గోనె ఆ చెమ్మను పట్టి ఉంచుతుంది. రాత్రి పదకొండుకు పొడిగా కనిపించిన సంచి కింద తెల్లవారుజామున అరచెయ్యి పెట్టి చూడండి, చల్లగా, తేమగా తగులుతుంది. ముసలి కుక్క పొద్దున్నే లేవలేక కుంటడానికి సగం కారణం అదే.

పడకను నేల నుంచి కనీసం ఆరంగుళాలు లేపాలి. నాలుగు మూలలా రెండేసి ఇటుకలు పడుకోబెట్టి, పైన పాత తలుపు చెక్కో మందపాటి ప్లైవుడ్డో వేస్తే సరిపోతుంది. దాని మీద గోనెసంచిలో వరిగడ్డి కుక్కి, నాలుగు నుంచి ఆరంగుళాల మందం పరుపులా చెయ్యండి. గడ్డి బంగారు రంగులో, విరిస్తే పుటుక్కుమనేలా ఉండాలి. వానకు తడిసి నల్లబడిన గడ్డిలో బూజు ఉంటుంది, ఆ ధూళి పీల్చిన కుక్కకు దగ్గు పట్టుకుంటుంది. పది రోజులకోసారి గడ్డి మార్చండి. మార్చేటప్పుడు సంచిని చేత్తో కాకుండా కర్రతో దులపండి, తేళ్లు చేరడం మామూలే. పడకను ఎండలో వేసేది పొద్దున పదింటి తర్వాత, లోపలికి తెచ్చేది సాయంత్రం నాలుగింటికల్లా. ఐదు దాటితే మంచు పట్టడం మొదలై, ఎండబెట్టిన పని వృథా అవుతుంది.

చేను దగ్గర మకాంలోనో రొయ్యల చెరువు గట్టునో కాపలా ఉండే కుక్కకు గూడు కావాలి. 25 కిలోల కుక్కకు మూడున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల లోపు ఎత్తు చాలు. గూడు మరీ పెద్దదైతే కుక్క ఒంటి వేడి దాన్ని వెచ్చబరచలేదు. గుమ్మం దక్షిణానికి పెట్టండి. ఈ కాలంలో గాలీ జల్లూ ఈశాన్యం నుంచి కొడతాయి, సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. దక్షిణ గుమ్మంలోకి పగలంతా ఎండ వస్తుంది, జల్లు రాదు. కప్పుకి ఒట్టి రేకు వేస్తే తెల్లవారుజామున దాని లోపలి వైపు నీళ్లు పట్టి కుక్క మీద చుక్కలు చుక్కలుగా కారతాయి. రేకు కింద తాటాకు గానీ కొబ్బరాకు తడక గానీ కట్టండి. ధాన్యం రాశుల మీద కప్పే బరకం ముక్క గుమ్మానికి తెరలా వేలాడదీయవచ్చు, కానీ గూడు నాలుగు వైపులా బరకంతో బిగించకండి. ఊపిరి తేమ బయటికి పోయే దారి లేక లోపలంతా ఉక్కపోసి పడక తడుస్తుంది.

వీధి కుక్కలకు అంత ఏర్పాటు అక్కర్లేదు. పెద్ద అట్టపెట్టెకు పైనా పక్కలా ప్లాస్టిక్ సంచి చుట్టి, లోపల వరిగడ్డి వేసి, రెండు ఇటుకల మీద గోడవారన పెడితే ఒక తల్లీ పిల్లలూ వానలో బతికి బయటపడతాయి. దాంట్లో దుప్పటి, పాత చీర వెయ్యకండి. గుడ్డ తడిస్తే రోజంతా ఆరదు, గడ్డి తడిసినా నీళ్లు కిందికి జారిపోతాయి.

రెండో పని: తడి

మంచులో తిరిగొచ్చిన కుక్క పైకి తడిగా కనిపించదు. పొట్ట కింద, చంకల్లో, కాలివేళ్ల మధ్య చెయ్యి పెట్టి చూడండి. అక్కడ పొడి తుండుతో తుడవాలి, చెవుల లోపలి వైపు దూదితో అద్దాలి. గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్ లాంటివి కాలువ కనపడితే దూకకుండా ఉండవు. వాటి లోబొచ్చు రోజంతా తడిగానే ఉండిపోయి, ఒకచోట చర్మం ఎర్రబడి జిగటగా కారుతుంది. కుక్క అక్కడే నాకి నాకి ఒక రాత్రిలో అరచేయంత పుండు చేసుకుంటుంది. బొచ్చు పొడవని చలికాలంలో గొరిగించడం కూడా తప్పే. దువ్వి చిక్కులు తీస్తే చాలు.

స్నానం మూడు నాలుగు వారాలకోసారి. ఎండ ఉన్న రోజు పదకొండు, ఒంటిగంట మధ్య, గోరువెచ్చని నీళ్లతో, కుక్కల షాంపూతో చేయించండి. చెవుల్లో దూది పెట్టి, అయ్యాక తీసెయ్యండి. పూర్తిగా ఆరేదాకా నీడలోకి పంపకూడదు. ముసురు పట్టిన వారంలో స్నానం మానేసి తడిగుడ్డతో తుడిస్తే ఏ నష్టమూ లేదు. పర్షియన్ పిల్లిని తడిగా వదిలేస్తే తామర పట్టే వీలు ఎక్కువ. గుండ్రంగా వెంట్రుకలు ఊడి పొట్టు రాలుతుంటే ఆలస్యం చెయ్యకండి, అది ఇంట్లో పిల్లలకీ అంటుకుంటుంది.

స్వెట్టర్ సంగతికి వస్తే, పగ్, బీగిల్ లాంటి పొట్టి బొచ్చు జాతులకు, ముసలివాటికి రాత్రిపూట నూలు స్వెట్టర్ మంచిదే. పొద్దున్నే తీసెయ్యాలి. తడిసిన స్వెట్టర్ కంటే ఏమీ లేకపోవడం మేలు.

పొద్దున షికారు ఏడున్నర దాటాక పెట్టుకోండి. మంచులో కాలువ గట్టు రోడ్ల మీద లారీవాడికి నల్ల కుక్క కనపడదు. తాడు లేకుండా వదలకండి, మెడపట్టీకి మెరిసే టేపు కుట్టించండి.

మూడో పని: తిండి, నీళ్లు

ఇంట్లో పడుకునే కుక్కకు చలికాలమని తిండి పెంచనక్కర్లేదు, ఒళ్లు పెరిగి కీళ్లకు బరువవుతుంది. బయట కాపలా ఉండే కుక్కకు పదో వంతు నుంచి ఐదో వంతు దాకా పెంచవచ్చు. పాలిచ్చే తల్లికి మటుకు మామూలు కంటే రెండు మూడు రెట్లు కావాలి, రోజుకు నాలుగు పూటలుగా పెట్టండి.

నూకల విషయంలో ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. సార్వా (ఖరీఫ్ వరి) కోతల మీద వాన పడితే తడిసి రంగు మారిన ధాన్యం ఆడించి, ఆ నూకలు కుక్కలకు వండుతారు. బూజు పట్టిన నూకల్లో, వేరుశనగ చెక్కలో, మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టే అవకాశం ఉంది. ఉడికించినా అది పోదు. కుక్క కాలేయం దానికి తట్టుకోదు. ముందు తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, కళ్లు పచ్చబడటం. ముక్క వాసన వచ్చే నూకలు కోళ్లకూ వేయకుండా పారెయ్యండి. బస్తాలో వచ్చే కుక్క మేతను నేల మీద కాకుండా మూత బిగుసుకునే డబ్బాలో, ఆ బస్తాతో సహా పెట్టండి.

పిల్లులకు చేపల బజారు నుంచి తెచ్చిన శీలావతి, బొచ్చె తలలూ పేగులూ పచ్చివే వెయ్యడం అలవాటు. ఈ జాతి చేపల పచ్చి మాంసంలో థయామిన్ అనే బీ1 విటమిన్‌ను విరిచేసే పదార్థం ఉంటుంది. వారాల తరబడి అదే తిన్న పిల్లి మెడ కిందికి వాలిపోయి, తూలుతూ నడిచి, చివరికి మూర్ఛలు పడుతుంది. ఉడికిస్తే ఆ పదార్థం నశిస్తుంది. కాబట్టి ఉడికించి, ముళ్లు తీసి, చల్లార్చి పెట్టండి.

చలికాలంలో పిల్లి నీళ్లు తాగడం తగ్గిస్తుంది. మూత్రం చిక్కబడి మగపిల్లికి మూత్రనాళంలో ఇసుకలాంటిది అడ్డుపడుతుంది. అది మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పొయ్యకపోతే చాలామంది మలబద్ధకం అనుకుని ఆముదం పోస్తారు. అది మలబద్ధకం కాదు, ఆ రోజే వైద్యుడి దగ్గరికి చేర్చాల్సిన ప్రాణాపాయం. మూత్రం పూర్తిగా ఆగితే రెండు మూడు రోజుల్లో పిల్లి చనిపోతుంది. రాకుండా చెయ్యాలంటే నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల, తిండి గిన్నెకు దూరంగా పెట్టండి. గోరువెచ్చని నీళ్లయితే ఎక్కువ తాగుతుంది. పొడి మేతను నీళ్లలో నానబెట్టి ఇవ్వండి.

నాలుగో పని: అప్పుడే పుట్టిన పిల్లలు

వానాకాలం చివర్లో ఎదకు వచ్చిన కుక్కలు 63 రోజులకు ఈనుతాయి, అంటే కార్తీకం నుంచి పుష్యం దాకా వీధివీధికీ పిల్లలే. మొదటి రెండు వారాలు పిల్లకు ఒంటి వేడిని నిలుపుకునే శక్తి ఉండదు, వణకడం కూడా రాదు. తల్లి పక్కన లేకపోతే 20 డిగ్రీలే దాన్ని చంపేస్తాయి.

పిల్లల పెట్టెలో మొదటి వారం 29 నుంచి 32 డిగ్రీలు, తర్వాత వారం వారం తగ్గిస్తూ నాలుగో వారానికి 24 దగ్గరికి తేవాలి. 40 లేదా 60 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బును ఒక మూలన, రెండు రెండున్నర అడుగుల ఎత్తున కట్టండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగే గానీ దీనికి పనికొచ్చే వేడి ఇవ్వదు. పెట్టె రెండో చివర చల్లగా ఉండాలి, వేడెక్కిన పిల్ల పాకి వెళ్లేందుకు. పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పగా పడి కూస్తుంటే చలి, దూరదూరంగా పడి రొప్పుతుంటే వేడి ఎక్కువ. కరెంటు పోయిన తుపాను రాత్రి, వేడినీళ్ల సీసాకు తువ్వాలు రెండు మడతలు చుట్టి పక్కన పెట్టండి. మణికట్టు లోపలి వైపు ఆనిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు.

దొరికిన పిల్ల చల్లగా, మెత్తగా వాలిపోయి ఉంటే జాలితో వెంటనే పాలు పడతారు. చాలా పిల్లలు ఇలాగే పోతాయి. ఒంటి వేడి 95 ఫారెన్‌హీట్ దిగువన ఉన్నప్పుడు పేగులు కదలవు, పాలు కడుపులో పులుస్తాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు ఒంటికి ఆనించుకుని, గుడ్డ చుట్టిన సీసాతో గంటా రెండు గంటలు మెల్లగా వెచ్చబరచండి. నోట్లో వేలు పెడితే చప్పరించడం మొదలుపెట్టాకే పాలు. కుక్కపిల్లల పాలపొడి మందుల దుకాణాల్లో దొరుకుతుంది. ఆవుపాలలో తల్లిపాలలో ఉన్నంత మాంసకృత్తులు ఉండవు, గేదెపాలు విరేచనాలు పట్టిస్తాయి. పిల్లను బోర్లా పట్టుకుని తాగించాలి, మనిషి బిడ్డలా వెల్లకిలా వద్దు. వంటింటి త్రాసు మీద రోజూ తూయండి. పిల్లికూన పుట్టినప్పుడు 100 గ్రాముల దగ్గర ఉండి, రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక్కరోజు బరువు ఆగినా పాలు అందడం లేదన్నమాట.

రెండు వారాల వయసు నుంచే నట్టల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకు టీకా మొదలు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా ఇప్పించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా. కోర్సు పూర్తయ్యేదాకా పిల్లను వీధి కుక్కలు తిరిగే చోట దింపకండి. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మీ చెప్పులకూ అంటుకుని వస్తుంది.

ఐదో పని: పిల్లికి విడిగా కొన్ని

పొయ్యిలో పిల్లి లేవలేదంటాం గానీ, కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో ఈ నెలల్లో పిల్లి నిజంగానే పొయ్యిలో పడుకుంటుంది. కొబ్బరి డొక్కల నిప్పు పైన బూడిద చల్లారినా లోపల గంటల తరబడి కణకణలాడుతుంది. రాత్రి వంటయ్యాక నీళ్లు చల్లి, పైన రేకు మూత పెట్టండి. కాలితే పది నిమిషాలు ధారగా చల్లని నీళ్లు పొయ్యండి. పేస్టు, పసుపు, సిరా ఏదీ రాయొద్దు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి, ఆ పొగకు జంతువులతో పాటు మనుషులూ పోతారు.

కారు ఆగిన కొత్తలో ఇంజన్ వెచ్చగా ఉంటుంది, పిల్లి కింద నుంచి బానెట్‌లోకి దూరుతుంది. పొద్దున బయల్దేరే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, హారన్ మోగించి, అర నిమిషం ఆగండి.

తుమ్ములు, కళ్ల పుసి, ముక్కు కారడం వస్తే ఆ పిల్లిని మిగతావాటికి దూరంగా ఉంచండి. ముక్కు మూసుకుంటే వాసన తెలియక తిండి మానేస్తుంది, తిండి వెచ్చచేసి ఇస్తే వాసన రేగి తింటుంది. స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి తలుపేసి, ఆవిరిలో పది నిమిషాలు మీరూ దానితో కూర్చోండి. ఆ నీళ్లలో జలుబు బామ్, నీలగిరి తైలం, కర్పూరం వెయ్యకండి, పిల్లులకు అవి విషం. రెండు రోజులు ఏమీ తినకపోతే, అందునా లావు పిల్లయితే, కాలేయానికి కొవ్వు పడుతుంది. మూడో రోజు దాకా చూడొద్దు.

ఆరో పని: ఇంట్లో, చేలో ఉన్న విషాలు

పారాసిటమాల్ ఒక్క మాత్రతో పిల్లి చనిపోతుంది. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, మూతి ఉబ్బుతుంది, ఊపిరి అందదు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుళ్లు చేసి కిడ్నీలు పాడుచేస్తాయి. ముసలి కుక్క కీళ్ల నొప్పికి వెచ్చని గుడ్డ కాపడం పది నిమిషాలు, జారే టైల్స్ మీద గోనె పరచడం, పొట్టి పొట్టి నడకలు. మాత్ర అవసరమైతే పశువైద్యుడు రాసిందే. బీరువాలోంచి దుప్పట్లు తీసేటప్పుడు రాలే కలరా ఉండలు ఏరి పారెయ్యండి.

గోమార్లకు గేదెల మీద కొట్టే డెల్టామెత్రిన్ మందు డబ్బా ప్రతి పాకలోనూ ఉంటుంది. అది పిల్లి మీద పోస్తే కొన్ని గంటల్లో వణుకు, మూర్ఛలు. కుక్కల మెడ మీద వేసే పెర్మెత్రిన్ చుక్కల మందు కూడా పిల్లికి అంతే. పొరపాటున పడితే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి కడిగి, ఆరబెట్టి, వెంటనే తీసుకెళ్లండి. కిరసనాయిలు రాస్తే గోమారు చావడం మాట అటుంచి చర్మం కాలుతుంది.

ఎలుకల మందు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాడే మందును బట్టి చేసే పని మారుతుంది. మొదటిది జింక్ ఫాస్ఫైడ్, నల్లటి పొడి. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలిపి ఎలుక బొరియల్లో పెడతారు. నూనె నూకల వాసనకి కుక్కా వస్తుంది. కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. పావుగంట నుంచి నాలుగు గంటల్లోపే వాంతులు, రొప్పు, మూర్ఛలు, నోట్లో వెల్లుల్లి లాంటి వాసన. పాలు, అన్నం, పెరుగు ఏదీ పెట్టకండి. తిండి పడితే ఆమ్లం ఊరి ఇంకా వాయువు పుడుతుంది. వాంతి చేసుకుంటుంటే గాలి తగిలే చోటికి తెండి, ఆ వాయువు మీకూ ప్రమాదమే. దీనికి విరుగుడు మందు లేదు, వేగమే మందు.

రెండోది బ్రోమాడియోలోన్. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న రోజు కుక్క హుషారుగానే ఉంటుంది. మూడు నుంచి ఐదు రోజులకు చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచో మలంలోనో రక్తం, ఆయాసం. దీనికి విటమిన్ కే1 విరుగుడు, వారాల తరబడి వాడాలి. కే3 పనిచెయ్యదు. తిన్నట్టు తెలిస్తే గుర్తులు కనపడేదాకా ఆగకుండా అదే రోజు వెళ్లండి, మందు పొట్లం చేతిలో పట్టుకుని వెళ్లండి. మందు తిన్న ఎలుకను పట్టి తిన్న పిల్లికి కూడా ఇదే గతి. మీ వైపు చేలల్లో మందు పెట్టే రోజులు రైతుల్ని అడిగి తెలుసుకుని, ఆ వారం రోజులు కుక్కను కట్టేసుకోండి, చచ్చిన ఎలుకల్ని పూడ్చండి. దాళ్వా నారుమళ్లలో గుళికల మందు చల్లినప్పుడూ అంతే. చొంగ కారుతూ, కంటిపాపలు చిన్నవై, ఒళ్లు వణుకుతుంటే దానికి అట్రోపిన్ ఇంజెక్షన్ ఉంది, వైద్యుడు ఇస్తాడు.

వరద నీళ్లు, ఎలుకలు ఎక్కువున్న చోట లెప్టోస్పైరోసిస్ అనే అంటుజబ్బు కూడా ఉంటుంది. జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు దాని గుర్తులు. ఆ మూత్రం నుంచి మనుషులకు వస్తుంది, కాబట్టి చేతి తొడుగులు లేకుండా కడగొద్దు. సెవెన్-ఇన్-వన్ టీకాలో ఇది కలిసే ఉంటుంది. వానలకు ముందే ఏడాది మోతాదు వేయించండి.

ఏడో పని: పండగ నాలుగు రోజులు

షష్ఠి తీర్థాల మందుగుండుకీ, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి చోట జనసందోహానికీ బెదిరిన కుక్క ఊరు దాటి పరిగెత్తి దారి తప్పుతుంది. ముందురోజే మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయండి. ఆ రాత్రి లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యానో టీవీయో పెట్టి ఉంచండి. భోగి మంట ఆరాక పైన బూడిదే కనిపించినా సాయంత్రం దాకా అటు వదలొద్దు. గాలిపటం మాంజా ముక్కలు వాకిట్లో, చెట్ల మీదా ఎక్కడ కనపడ్డా చుట్టి చెత్తలో వెయ్యండి. పిల్లి దారాన్ని మింగితే పేగులు కుచ్చిళ్లు పడి కోసుకుపోతాయి. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకండి.

పరమాన్నంలోని కిస్మిస్ కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఎంత తింటే ప్రమాదమో చెప్పే సురక్షితమైన లెక్క లేదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని వైద్యులు అనుమానిస్తున్నారు. చింతపండులోనూ అది దండిగా ఉంది, పులిహోర పెట్టకండి. ఉల్లిపాయ గారెలు, ఉల్లీ వెల్లుల్లీ వేసిన కోడికూర గ్రేవీ రక్తకణాలను విరుస్తాయి, పిల్లుల్లో మరీ త్వరగా. నెయ్యి కారే అరిసెలు రెండు మూడు ఒకేసారి తిన్న చిన్న కుక్కకు క్లోమం వాచి, వీపు వంచి, మాటిమాటికీ కక్కుతుంది. ఉడికిన కోడి ఎముకలు నిలువునా చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. చుట్టాల పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి, కుక్కకు పెట్టడానికి ఉప్పులేని ఉడికిన గుమ్మడి ముక్కలు ఒక గిన్నెలో పెట్టి చేతికివ్వండి. పెట్టాలన్న సరదా వాళ్లకీ తీరుతుంది.

ఎనిమిదో పని: జబ్బు పట్టుకోవడం, తీసుకెళ్లడం

ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ దీనికోసమే ఉంచండి. కొనకు కొబ్బరినూనె రాసి (ఈ నెలల్లో గడ్డకట్టిన నూనే ఇంకా వీలు) ఆసనంలో అంగుళం లోపలికి పెట్టాలి. కుక్కకైనా పిల్లికైనా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. 103.5 దాటినా, 99 దిగినా వైద్యుడి దగ్గరికే. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 దాటకూడదు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. బాగున్నప్పుడే ఒకసారి ఇవన్నీ చూసి రాసి పెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు వెంటనే తెలుస్తుంది.

తుపానులో తడిసి ఒళ్లు చల్లబడి, మొద్దుబారి పడున్న జంతువుకు ముందు తడి పూర్తిగా తుడవండి. పొడి దుప్పటి చుట్టి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలు ఛాతీకీ పొట్టకీ ఆనించండి, కాళ్లకు కాదు. కాళ్లను ముందు వేడి చేస్తే అక్కడి చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. వేడినీళ్లలో ముంచకండి. చెంచాడు బ్రాందీ పోసే అలవాటు కొన్ని చోట్ల ఉంది, అది రక్తనాళాలను విప్పి ఉన్న వేడిని కూడా బయటికి పంపేస్తుంది. అర్ధగంటకోసారి ఉష్ణోగ్రత చూసి, 99 దాటాక, తనంతట తాను తల ఎత్తితే, గోరువెచ్చని నీళ్లు నాకనివ్వండి.

మండల కేంద్రంలోని ప్రభుత్వ పశువైద్యశాల పనివేళలు, దగ్గరి పట్టణంలో రాత్రి చూసే పశువైద్యుడి నంబరు ముందే గోడ మీద రాసి ఉంచండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 టోల్‌ఫ్రీ నంబరు ఉంది, మీ ఊరికి కుక్కలకూ పిల్లులకూ వస్తారో లేదో అవసరం రాకముందే అడిగి తెలుసుకోండి. తీసుకెళ్లేటప్పుడు నొప్పితో ఉన్న కుక్క మూతికి మెత్తటి గుడ్డ కట్టండి, కానీ కక్కుతున్నా, ఊపిరి ఆడకపోయినా కట్టకూడదు. పిల్లిని చేతుల్లో కాకుండా మూత ఉన్న బుట్టలోనో, గాలి చొరబడే సంచిలోనో పెట్టండి. తిన్న మందు పొట్లం, వాంతి కొంచెం సీసాలో, టీకాల కార్డు వెంట ఉండాలి. ఎప్పుడు మొదలైంది, ఆఖరిసారి ఎప్పుడు తింది, ఎప్పుడు మూత్రం పోసింది అన్న మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. కంగారులో గుర్తుండవు, వైద్యుడు మొదట అడిగేవి అవే.